ఎంసీబీ పడలేదు, షాక్ మాత్రం కొట్టింది

పోయిన ఎండాకాలం నల్లగొండలో మా ఇంటి మీది అంతస్తులో బండలు వేయిస్తున్నాం. వంటింటి గట్టు కోసం మేస్త్రీ గ్రానైట్ పలక కోస్తున్నాడు. ఆయన చేతిలో కటింగ్ మిషన్. పక్కన హెల్పర్ పిల్లగాడు, మూతకు బొక్కలు పొడిచిన వాటర్ బాటిల్‌తో బ్లేడు మీద నీళ్లు పోస్తున్నాడు. కోత సగమయ్యేసరికి మేస్త్రీ ఒక్క కేక వేసి మిషన్ వదిలేశాడు. అది నేల మీద గిరగిరా తిరుగుతూ, అంతకు ముందురోజే వేసిన బండ మీద జానెడు గీత పెట్టింది. పిల్లగాడు ఉరికి ప్లగ్గు పీకాడు. మేస్త్రీకి మోచేతి దాకా తిమ్మిరి ఎక్కింది, పావుగంట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అదృష్టం, అంతటితో పోయింది.

ఆ పావుగంటలోనే మూడు వాదనలు పుట్టాయి. "ఎంసీబీ కొత్తదే కద సార్, మరి ఎందుకు పడలే?" అన్నాడు మేస్త్రీ. ఎంసీబీ అంటే బోర్డులో ఉండే స్విచ్, కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడి లైను ఆపేస్తుంది. పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ బోర్డు చూసి, "మీ ఇంటికి ఎర్త్ సరిగ్గా లేదు సార్, ఇదంతా దానివల్లనే" అన్నాడు. మిషన్ అమ్మిన దుకాణం సేటు ఫోన్‌లో, "దానికి ఎర్తే అక్కర్లేదన్నా, డబుల్ ఇన్సులేషన్ మాల్ అది. మీవాళ్లు నీళ్లు ఎక్కువ పోసిండ్రు" అన్నాడు.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ముగ్గురూ మూడు వేర్వేరు కాపలాల గురించి మాట్లాడుతున్నారు. కరెంటు మిషన్ చుట్టూ ఉండే ప్రతి రక్షణా ఒకే ఒక్క ప్రమాదానికి అడ్డం నిలబడుతుంది, పక్కదానికి తప్పుకుంటుంది. ఏది దేనికి అన్నది కలగాపులగం కావడం వల్లే ఇంత అయోమయం.

ఎంసీబీ కాపలా కాసేది ఎవరికి?

ఎంసీబీ కాపలా కాసేది గోడలో ఉన్న వైరుకు. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే అది కాలిపోతుంది, ఇల్లు అంటుకుంటుంది. అలా కాకుండా ఎంసీబీ పడిపోతుంది. దాని పని అంతే.

అంకెలు వేసి చూద్దాం. పొడి చర్మం ఉన్న మనిషి ఒంటి నిరోధం కొన్ని వేల ఓమ్‌లు ఉండొచ్చు. చేతులు తడిస్తే సుమారు 1,000 ఓమ్‌లకు, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. 230 వోల్టులను 1,000తో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీఆంపియర్లు. మనిషికి 1 మిల్లీఆంపియర్ దగ్గర చురుకు తెలుస్తుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదల్లేడు. 30 దాటి కాసేపు పారితే ఊపిరి ఆడదు. ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. 230 మిల్లీఆంపియర్లంటే ప్రాణం తీయడానికి చాలినంత.

ఇప్పుడు ఇదే లెక్కను ఎంసీబీ వైపు నుంచి చూడండి. ఆ లైన్‌లో 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంది. కటింగ్ మిషన్ 1,200 వాట్లది, సుమారు 5.2 ఆంపియర్లు తాగుతుంది. మనిషిలోంచి పోయే 0.23 కలిపినా ఐదున్నర లోపే. 16 దాకా ఓపిక ఉన్న ఎంసీబీకి ఇక్కడ తప్పేమీ కనిపించదు. నిజానికి 18 ఆంపియర్లు పారినా గంటలోపు పడాలన్న నియమం దానికి లేదు. 23 దాటితే గంటలోపు పడాలి. రెప్పపాటులో పడాలంటే, ఇళ్లలో ఎక్కువగా వాడే 'సి' రకానికి, 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. మనిషి ఒళ్లు ఏ లెక్కన చూసినా అంత కరెంటు లాగదు.

కాబట్టి మేస్త్రీ ప్రశ్నకు జవాబు ఇది: ఎంసీబీ మంచిదే, పడకపోవడమే దాని ధర్మం.

ఎర్త్ ఉంది, కానీ ఏ నేలలో?

ఎర్త్ వైరు మిషన్ ఇనుప ఒంటిని నేలతో కలుపుతుంది. లోపల కరెంటు తెచ్చే ఫేజ్ వైరు తెగి ఆ ఇనుముకు తగిలితే, కరెంటు మనిషిలోంచి కాకుండా ఎర్త్ వైరు గుండా నేలలోకి దూకాలి. ఆ దూకుడు ఎంత పెద్దగా ఉండాలంటే ఎంసీబీ వెంటనే పడిపోవాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావు పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా ఉండేది ఇందుకే. పెట్టేటప్పుడు ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు చివర వదలాలి.

పుస్తకంలో ఇంతవరకు బాగానే ఉంటుంది. మన దగ్గర చిక్కు నేలతో వస్తుంది. నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల చాలా చోట్ల మూడు నాలుగు అడుగులు తవ్వితే రాయి తగులుతుంది. పైనుండేది చల్క నేల, నీళ్లు నిలవవు, ఏప్రిల్ వచ్చేసరికి బొక్కబారి పోతుంది. బోరు బండి వాళ్లకు తెలిసిన కష్టమే ఎర్త్ రాడ్ వేసేవాడికీ ఉంటుంది. రాడ్ దిగకపోతే దాన్ని వంచి పూడ్చేసిన ఇళ్లు నాకు తెలుసు. ఎర్త్ కోసం ఉప్పు, బొగ్గు వేసిన గుంత తడిగా ఉండాలి, కానీ దాంట్లో గృహప్రవేశం నాడు పోసిన నీళ్లే ఆఖరు.

అలాంటి ఎర్త్ నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. ఇందాకటి లెక్క ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ ఈ 23కి పడడానికి గంట పట్టొచ్చు. ఆ గంటసేపూ మిషన్ ఇనుప ఒంట్లో దాదాపు పూర్తి వోల్టేజీ ఉంటుంది. ఎండాకాలంలో అదే ఎర్త్ 50 ఓమ్‌లకు పెరిగితే పారేది 4.6 ఆంపియర్లే, ఎంసీబీ ఎప్పటికీ పడదు. రెప్పపాటులో పడేటట్టు 160 ఆంపియర్లు పారాలంటే దారి మొత్తం కలిపి ఒకటిన్నర ఓమ్‌ కన్నా తక్కువ ఉండాలి. మన రాతి నేలలో ఒక్క రాడ్‌తో అది అయ్యే పని కాదు.

అట్లని ఎర్త్ దండగ అనుకోవద్దు. బోరు మోటారుకు, వెల్డింగ్ మిషన్‌కు, ఇస్త్రీ పెట్టెకు అది ఉండి తీరాలి. 'ఎర్త్ ఉంది' అనడానికీ 'ఎర్త్ పనిచేస్తుంది' అనడానికీ మధ్య ఎంత దూరమో చెప్పడానికే ఇంత లెక్క. ఇక మా మేస్త్రీ మిషన్‌కు ఈ లెక్క అసలు వర్తించదు. దాని ప్లగ్గుకు ఉన్నవే రెండు పిన్నులు.

దొడ్డి గేటు దగ్గర గొర్రెల లెక్క

ఆర్సీసీబీ అనే నాలుగో కాపలాదారుడి పేరు ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని ఈఎల్సీబీ అంటారు.

ఇదెట్లా పనిచేస్తుందో చెప్పడానికి నాకు మంద కన్నా మంచి పోలిక దొరకలేదు. పొద్దున నూరు గొర్రెలు దొడ్డి దాటి మేతకు పోతాయి. సాయంత్రం గేటు దగ్గర కాపరి లెక్కపెడతాడు. తొంభై తొమ్మిదే వస్తే ఒకటి ఎక్కడో తప్పిపోయినట్టు. ఆర్సీసీబీ ఫేజ్‌లో పోయిన కరెంటును, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటును ఇలాగే సరిచూస్తుంది. రెండూ సమానమైతే సరే. తేడా వచ్చిందంటే ఆ కొంత ఇంకెటో పోతోంది, మనిషి ఒంట్లోంచి నేలకు కావచ్చు. ఎంసీబీ ఈ లెక్క పెట్టదు. గేటు దగ్గర తొక్కిసలాట అయితేనే దానికి మెలకువ వస్తుంది.

మనుషుల రక్షణ కోసం వాడేది 30 మిల్లీఆంపియర్ల రకం. అంత తేడా వస్తే 0.3 సెకనులోపు పడిపోవాలి. తేడా ఐదు రెట్లు అయితే 0.04 సెకను లోపే. మన లెక్కలోని 230 మిల్లీఆంపియర్ల షాక్ ఈ రెండో కోవలోకి వస్తుంది. షాక్ తెలుస్తుంది, చెయ్యి జలదరిస్తుంది, కానీ గుండె లయ తప్పించేంత తీరిక మామూలుగా దానికి దొరకదు. ఎర్త్ అంతంత మాత్రంగా ఉన్న ఇంట్లో కూడా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే దీనికి కావాల్సింది తేడా మాత్రమే, వరద కాదు. 100, 300 మిల్లీఆంపియర్ల రకాలూ బజార్లో ఉంటాయి. అవి ఎక్కువగా అగ్నిప్రమాదాల కోసం, మనిషి కోసమని వాటిని కొనడం పొరపాటు.

"అది ఊకె పడుతుంటది సార్, పని సాగదు" అని ఎలక్ట్రీషియన్లు అనేది ఉత్త సాకు కాదు. పాత ఇళ్లలో రెండు మూడు లైన్లకు న్యూట్రల్ ఒకటే వేసి ఉంటారు. ఇన్వర్టర్ పెట్టినప్పుడు ఇంకో న్యూట్రల్ కలిపేస్తారు. అలాంటి చోట పోయిన దారిన కరెంటు తిరిగి రాదు, లెక్క తప్పుతుంది, ఆర్సీసీబీ పడుతుంది. తప్పు వైరింగ్‌ది, తిట్లు దానికి. చివరికి ఎవరో ఒకరు దాన్ని బైపాస్ చేసి పోతారు. ఇల్లంతా సరిచేయించే తాహతు లేనివాళ్లకు మధ్యేమార్గం ఉంది: మిషన్ పెట్టే ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకే ఆర్సీసీబీ బిగించడం. బండల మేస్త్రీలు కొందరు ఇప్పుడు తమ బోర్డు తామే తెచ్చుకుంటున్నారు.

దీనికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషి దానికి బల్బులాగే కనిపిస్తాడు. పోయింది పోయినట్టు తిరిగొస్తుంది కదా! వైరు మీద భారం పెరిగినా అది పట్టించుకోదు, కాబట్టి దాని పక్కన ఎంసీబీ ఉండాల్సిందే. రెండు పనులూ ఒకే డబ్బాలో చేసేదాన్ని ఆర్సీబీఓ అంటారు. ఆర్సీసీబీ మీదుండే 'టి' బటన్ నొక్కితే అది పడాలి. పడలేదంటే అది అలంకారానికి ఉన్నట్టే.

చతురస్రంలో చతురస్రం

మిషన్ పేరు పలక మీద ఒక చిన్న గుర్తు ఉంటుంది, చతురస్రం లోపల ఇంకో చతురస్రం. డబుల్ ఇన్సులేషన్ అంటే అదే. లోపలి వైండింగ్‌కు ఒక పొర, దానికీ మన చేతికీ మధ్య ప్లాస్టిక్ ఒంటితో ఇంకో పొర. మొదటిది పాడైనా రెండోది ఆపుతుంది. ఇలాంటి మిషన్లకు ఎర్త్ వైరే ఉండదు, కంపెనీయే రెండు తీగల వైరు ఇస్తుంది. చేతి డ్రిల్లులు, గ్రైండర్లు, కటింగ్ మిషన్లు ఇప్పుడు చాలావరకు ఇవే. సేటు చెప్పింది అక్షరాలా నిజం.

కానీ ఆ మాట కొత్తగా, పొడిగా, లోపల శుభ్రంగా ఉన్న మిషన్‌కు చెల్లుతుంది. మోటారును చల్లబరచడానికి వెనకనుండే ఫ్యాను గాలి పీలుస్తుంది, గాలితోపాటు దుమ్మూ పోతుంది. గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డులో ఆ దుమ్ములో ఇనుప రజను ఉంటుంది, ఇనుము కరెంటును మోస్తుంది. బండల దగ్గరైతే రాతి పొడి నీళ్లతో కలిసి బురదై లోపల పేరుకుంటుంది. ఎండినప్పుడు బాధ లేదు, మళ్లీ తడిస్తే అదే దారి. రెండు పొరలనూ దాటించే వంతెన అలా తయారవుతుంది. తడి కోత మిషన్లను ఆర్సీసీబీ ఉన్న లైన్ మీదే వాడమని చాలా కంపెనీల మాన్యువళ్లలో రాసి ఉండేది ఇందుకే. ఆ పుస్తకం డబ్బాతోపాటే చెత్తలోకి పోతుంది, అది వేరే కథ.

ఇంకోటి. బండల పనిలో ప్లగ్గు పోతే రెండు తీగల కొనలు ఒలిచి, సాకెట్‌లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. మిషన్‌లో రెండు కాదు పది పొరలున్నా, సాకెట్ దగ్గర ఒక్క పొరా లేనట్టే.

నీళ్లు పోస్తే ఒక భయం, పోయకపోతే ఇంకొకటి

"నీళ్లు ఎక్కువ పోసిండ్రు" అన్నది సులువైన మాట. మరి పోయకపోతే?

గ్రానైట్‌లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా క్వార్ట్‌జ్ ఉంటుంది, అంటే సిలికా. పొడిగా కోసినప్పుడు లేచే తెల్లటి మబ్బులో మనకు కనిపించేది లావు దుమ్ము, అది ముక్కులో, గొంతులో ఆగుతుంది. కనిపించని సన్నది ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే మచ్చలు కడుతుంది. సిలికోసిస్ అంటారు దాన్ని. వచ్చాక తిరిగిపోదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, ప్రభుత్వానికి తెలపాల్సిన రోగాల జాబితాలోనే దాని పేరుండేది. కానీ ఇంటింటికీ తిరిగి బండలు కోసే మనిషి ఏ ఫ్యాక్టరీ లెక్కలోకీ రాడు. ముక్కుకు కట్టుకునే దస్తీ లావు దుమ్మును ఆపుతుంది, సన్నదానికి అది జల్లెడ. దగ్గరగా అతుక్కుని కూర్చునే ఎన్95 రకం మాస్కు కొంత నయం. అయితే మే నెలలో దాన్ని పెట్టుకుని పూటంతా పని చేయడం ఎంత కష్టమో చేసేవాళ్లను అడగాలి.

తాండూరు వైపు నుంచి వచ్చే నాపరాయి సున్నపురాయి జాతిది, గ్రానైట్ కన్నా సిలికా తక్కువ. భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

నీళ్లు దుమ్మును లేచిన చోటే పట్టేస్తాయి, బ్లేడునూ చల్లబరుస్తాయి. అందుకే మేస్త్రీ నీళ్లు పోయించడం తప్పు కాదు. నన్నడిగితే ఆ రోజు సరిగ్గా చేసిన పని అదొక్కటే. షాక్ అప్పటికప్పుడు తెలిసే ప్రమాదం, సిలికా ఇరవై ఏళ్లకు తెలిసేది. మనం సహజంగా మొదటిదానికి భయపడి నీళ్లు మానేస్తాం. రెండింటికీ ఒకేసారి జవాబు కావాలంటే నీళ్లూ ఉండాలి, ఆర్సీసీబీ కూడా ఉండాలి. బాటిల్‌తో మిషన్ మీద గుమ్మరించడానికీ, సన్నటి పైపుతో బ్లేడు అంచుకు చుక్కలుగా అందించడానికీ తేడా ఉంది. చాలా కటింగ్ మిషన్లకు ఆ పైపు కంపెనీ నుంచే వస్తుంది, మొదటి వారంలోనే ఊడబీకి పక్కన పడేస్తారు.

చక్రం మీద రాసిన అంకెలు

కరెంటు సంగతి ఇంతవరకు. గ్రైండర్ దగ్గర జరిగే పెద్ద గాయాలకు చాలాసార్లు కరెంటుతో సంబంధమే ఉండదు, వేగంతో ఉంటుంది.

4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, అటూ ఇటూగా. 100 మిల్లీమీటర్ల చక్రం అంచు ఒక్క చుట్టులో 31 సెంటీమీటర్లకు పైగా పోతుంది. లెక్క కడితే సెకనుకు 57 మీటర్లు, గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. చక్రం ముక్కలైతే ప్రతి ముక్కా అదే వేగంతో బయలుదేరుతుంది.

ఇనుము కోసే నల్ల చక్రాలు మామూలుగా సెకనుకు 80 మీటర్ల అంచు వేగం దాకా తట్టుకునేటట్టు చేస్తారు. దాన్నే చుట్లలోకి మార్చి చక్రం మీద ముద్రిస్తారు: 4 అంగుళాలదానికి 15,000 పైచిలుకు, 5 అంగుళాలకు 12,000 పైచిలుకు, 7 అంగుళాలకు 8,500, 9 అంగుళాలకు 6,600 పైచిలుకు. చక్రం పెద్దదయ్యే కొద్దీ అంకె తగ్గుతుంది. మిషన్ మీది అంకె కన్నా చక్రం మీది అంకె ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి.

మిర్యాలగూడ మిల్లుల్లోనో, జడ్చర్ల షెడ్డుల్లోనో ఒక పని తరచూ చూస్తాం. లోతైన కోత కోసం గార్డు తీసేసి చిన్న గ్రైండర్‌కు పెద్ద చక్రం ఎక్కించడం. మామూలు 4 అంగుళాల చక్రానికి నడిమి రంధ్రం 16 మిల్లీమీటర్లు, 5, 7 అంగుళాలవాటికి 22 పైచిలుకు. రంధ్రం తేడా వల్ల పెద్ద చక్రం చిన్న గ్రైండర్ మీద సరిగ్గా కూర్చోదు. మనవాళ్లు వాషరు పెట్టి సర్దేస్తారు. 5 అంగుళాలదాన్ని 11,000 చుట్లలో తిప్పితే అంచు వేగం సెకనుకు 72 మీటర్లు. అంకెల ప్రకారం గీత దాటలేదు, అందుకే "ఎన్నేళ్ల నుంచో చేస్తున్నా, ఏమైంది?" అనగలుగుతారు. కానీ గార్డు పోయింది, వాషరు వల్ల చక్రం నడిమధ్యకు కూర్చోక ఊగుతుంది. 7 అంగుళాలదైతే 104 మీటర్లు. చీల్చే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, తట్టుకోగలిగిన దానికన్నా దాదాపు 70 శాతం ఎక్కువ ఒత్తిడి చక్రం మీద పడుతుంది. అది పగలడం ఆశ్చర్యం కాదు, పగలకపోవడమే ఆశ్చర్యం.

చక్రానికి గడువు కూడా ఉంటుందంటే చాలామంది నవ్వుతారు. ఈ నల్ల చక్రాలను జిగురులాంటి రెసిన్ పట్టి ఉంచుతుంది, అది తేమకు, కాలానికి మెత్తబడుతుంది. మంచి కంపెనీ చక్రాలకు నడిమి ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటుంది. తయారైన నాటి నుంచి మూడేళ్లు. షెడ్డు మూలన వానకు తడిసి ఎండిన పాత చక్రం చూడడానికి కొత్తదానిలాగే ఉంటుంది.

గార్డు మీద వాదన నడుస్తూనే ఉంటుంది. తీసేసేవాళ్ల మాట: మూలల్లో చెయ్యి తిరగదు, కోసే గీత కనిపించదు, గంటకు పది చోట్ల మలుపులుంటే ప్రతిసారీ సర్దుకుంటూ కూర్చోలేం. కూలి అడుగుల లెక్కన వచ్చే మనిషికి ఇది నిజమైన ఇబ్బందే. అవతలి మాట: గార్డును తిప్పి బిగించుకోవచ్చు, అది కప్పేది మన వైపున్న సగాన్నే. చక్రం పగిలితే, కోతలో బిగుసుకుని మిషన్ వెనక్కి తన్నితే అడ్డం నిలబడేది అదొక్కటే. నేను రెండో వైపే. మూలలో చెయ్యి తిరగనప్పుడు మిషన్ మార్చాలి తప్ప, మొహానికీ చక్రానికీ మధ్య ఉన్నదాన్ని తీయకూడదు.

చెక్క పనిలో ఇంకో అలవాటు ఉంది. గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించి చెక్క కోయడం. చేతి రంపపు మిషన్ ఖరీదు ఎక్కువ, గ్రైండర్ ఎలాగూ చేతిలో ఉంది. కానీ రంపపు మిషన్‌కు కింద పలక ఉంటుంది, అది చెక్క మీద ఆనుతుంది. గ్రైండర్‌కు ఆనేది ఏమీ లేదు. ఒక్క పన్ను ముడిలో ఇరుక్కుంటే ఆ తన్ను మొత్తం మణికట్టు మీదకు, తర్వాత తొడ మీదకు వస్తుంది. ఈ విషయంలో రెండు వైపులా సమానంగా మాట్లాడడం నావల్ల కాదు.

చేతి గ్లౌజుల మీద మాత్రం రెండు మాటలూ సరైనవే. గ్రైండర్ పనికి చేతికి బిగువుగా ఉండే తోలు గ్లౌజులు మంచివి, నిప్పురవ్వలు కాల్చవు, అంచులు కోయవు. స్టాండు డ్రిల్లు దగ్గర గ్లౌజు వేసుకుంటే, బిట్టు దాని పోగును పట్టి వేలితో సహా చుట్టేస్తుంది. మెడలో వేలాడే తువ్వాల, వదులు చేతుల చొక్కా మాత్రం రెండు చోట్లా పనికిరావు.

కరెంటు పోయి వస్తే

గ్రైండర్లకు స్విచ్ నొక్కితే అలాగే నిలిచిపోయే లాక్ ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోతుంది. మిషన్ ఆగుతుంది, దాన్ని పక్కన పెట్టి చాయ్ తాగడానికి పోతాం. లాక్ తీశామో లేదో ఎవరికి గుర్తు? కరెంటు రాగానే అది తనంతట తాను లేచి తిరుగుతుంది. కరెంటు తిరిగొచ్చినా స్విచ్ మళ్లీ నొక్కేదాకా కదలని మిషన్లు కొన్ని వస్తున్నాయి. మిగతావాటికి ప్లగ్గు పీకడమే దారి. పత్తి నిల్వల పక్కన, గడ్డివాముల దగ్గర గేటు పనులు జరిగే మన ఊళ్లలో దీనికి అదనపు భయం ఉంది. నిప్పురవ్వలు కొన్ని గజాల దూరం పోతాయి, పత్తిలో పడ్డ రవ్వ చాలాసేపు మంట లేకుండా లోలోపలే కాలుతుంది.

వైరు చుట్ట సంగతి

కింది అంతస్తు నుంచి పైకి 50 మీటర్ల ఎక్స్‌టెన్షన్, 1 స్క్వేర్ వైరు (లోపలి రాగి అడ్డకోత 1 చదరపు మిల్లీమీటరు). కరెంటు పోయి రావాలి కాబట్టి లెక్కకు 100 మీటర్లు, నిరోధం సుమారు 1.8 ఓమ్‌లు. ఇనుప రాడ్లు కోసే 14 అంగుళాల కటాఫ్ మిషన్ 10 ఆంపియర్లు లాగితే 18 వోల్టులు దారిలోనే పోతాయి. 180 వాట్లు వైరులోనే వేడి అవుతాయి. వైరు పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. చుట్టలోనే ఉంచి వాడితే ఎటూ పోలేక లోపలి పొరలు మెత్తబడి అతుక్కుంటాయి. 2.5 స్క్వేర్ వైరుతో ఇదే పనికి 7 వోల్టులు, 75 వాట్ల లోపు. బోర్లు నడిచే వేళ అసలు వోల్టేజీయే 200 లోపుంటే, ఈ 18 కూడా పోయాక మోటారు నెమ్మదిస్తుంది, దానితో తిరిగే ఫ్యానూ నెమ్మదిస్తుంది. మేస్త్రీ ఇంకా గట్టిగా నొక్కుతాడు. మోటారులో తిరిగే భాగం, ఆర్మేచర్, కాలిపోయే వాసన అక్కడ మొదలవుతుంది.

బ్యాటరీ మిషన్లకు ఈ వైరు గొడవ లేదు, షాక్ భయం లేదు. డబ్బా మీద 20 వోల్టులని రాసినవి, 18 వోల్టులని రాసినవి మామూలుగా ఒకటే, నిండా చార్జి అయినప్పటి అంకె, నడిచేటప్పటి అంకె. తన్నడంలో, చక్రం పగలడంలో మాత్రం వైరు మిషన్‌కేమీ తీసిపోవు. మన ఎండలకు వాటికో ప్రత్యేక ఇబ్బంది ఉంది. చాలా బ్యాటరీలను 40 డిగ్రీల లోపే చార్జి చేయాలి, మే నెలలో రేకుల షెడ్డు లోపల మధ్యాహ్నం అంతకన్నా వేడి ఉంటుంది.

విప్పి చూస్తే

ఈ మిషన్లలో మోటారుకు కరెంటు అందించేవి రెండు కార్బన్ బ్రష్‌లు, కార్బన్లు అంటారు అందరూ. తిరిగే రాగి పట్టీల మీద రాసుకుంటూ అరుగుతాయి. 5, 6 మిల్లీమీటర్లకు వచ్చాక స్ప్రింగు సరిగ్గా నొక్కదు, మధ్యలో ఖాళీ వచ్చి నీలి మెరుపులు పెరుగుతాయి. వెనక జాలీలోంచి చూస్తే సన్నగా మెరవడం మామూలే, చుట్టూ నిప్పు ఉంగరంలా తిరిగితే కాదు. రెంటినీ ఒకేసారి మారుస్తారు. ఒక్కటే మారిస్తే నొక్కుడు సమంగా ఉండదు. అరిగిన కార్బన్ పొడి కూడా కరెంటును మోసేదే, రాతి బురదతో కలిసి అది కూడా లోపలే ఉండిపోతుంది.

మా మేస్త్రీ మిషన్‌ను మరునాడు రిపేరు షాపులో విప్పారు. కార్బన్ మూతల చుట్టూ బూడిద రంగు పేస్టు వేలు మందాన గట్టిపడి ఉంది, ఆ రోజు నీళ్లకు మళ్లీ మెత్తబడింది. మిషన్‌లోకి వైరు దూరే చోట రబ్బరు గొట్టం లేదు, అక్కడ వైరు నలిగి పగిలితే ఎప్పుడో ప్లాస్టర్ టేపు చుట్టారు, ఆ టేపూ తడిసింది. నీళ్లు, బురద, తెగిన పొర మూడూ ఒక్కచోటే కలిశాయి. ఎర్త్‌కు అక్కడ చేసే పనేమీ లేదు, ఎంసీబీకి తెలిసే వీలూ లేదు. మెకానిక్ టేపు విప్పి చూపిస్తుంటే మేస్త్రీ, "గా గొట్టం నేనే తీసిన సార్, వైరు మలగకపోతే" అన్నాడు. కొత్త వైరు, కార్బన్ల జత, గొట్టం వేయించుకున్నాడు. దుకాణంలో 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ ధర అడిగాడు, విని కాసేపు ఆలోచించాడు. నేను బోర్డు డబ్బులిస్తానన్నాను, ఆయన ఆర్సీసీబీ డబ్బులిచ్చాడు. గీత పడ్డ బండను మాత్రం ఫ్రిజ్ కిందికి వచ్చేటట్టు జరిపి వేశాం.